గురువారం దాకా ఆగని హన్నమ్మ

లూదియా మీద హన్నమ్మకు కడుపుమంట మొదలైంది ఒక కుర్చీ దగ్గర.

నంద్యాల స్టేషను దారిలో పత్తి వ్యాపారులు చందాలు వేసుకొని కట్టించిన ధర్మాసుపత్రిలో అప్పటికి ఉన్నవి మూడు కుర్చీలు. ఒకటి డాక్టరు చెన్నకేశవులుది. ఒకటి గుమాస్తా రంగయ్యది. మూడోది చందాదారులెవరైనా చూడవస్తే వేసేది. పదహారేళ్లుగా ఆడవాళ్ల వార్డును తన చేతుల మీదుగా నడిపిస్తున్న హెడ్ నర్సు హన్నమ్మకు కుర్చీ లేదు. నర్సు కూర్చోకూడదని ఎవరూ అనలేదు. కూర్చుంటుందన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. పిక్కల మీద నరాలు ఉబ్బి నీలంగా ముడులు పడినా ఆమె నిలబడే ఉంది. అటువంటిది, పందొమ్మిది వందల యాభై ఏడు కార్తీకంలో ఒక సోమవారం ఆమె డ్యూటీకి వచ్చేసరికి వార్డు వరండాలో నాలుగో కుర్చీ కనిపించింది. దాని ముందొక బల్ల. కుర్చీలో లూదియా.

ఎవరో కొత్త మనిషైనా ఇంత బాధ ఉండేది కాదు. లూదియా, వార్డులు చిమ్మి కడిగే పెద్దమ్మ అనే ఆమె కూతురు. తల్లి కసువు ఊడుస్తుంటే వెనకాలే తిరిగిన పిల్ల. మందుల అట్టపెట్టెల వెనక ఆ పిల్ల చేత అక్షరాలు దిద్దించింది హన్నమ్మే. బడిలో వేయించింది హన్నమ్మే. ఎస్సెల్సీ పాసైందని డాక్టరుకు చెప్పిందీ హన్నమ్మే. డాక్టరు ఆ పిల్లను మద్రాసు పంపి ఏదో చదువు చదివించి తెచ్చాడు. వచ్చిన రోజున అందరినీ పిలిచి, "ఈమె మన సోషల్ వర్కర్" అన్నాడు.

"అంటే ఏం చేస్తుంది సార్?" అని అడిగాడు కాంపౌండరు గురుస్వామి.

"రోగి బాగోగులు చూస్తుంది."

"మరి మేమేం చేస్తాండాం సార్ ఇన్ని దినాలూ?"

డాక్టరు నవ్వి వెళ్లిపోయాడు. నిజానికి ఆయనకూ అంతకుమించి తెలియదు. మద్రాసులో పెద్ద ఆసుపత్రిలో అట్లాంటి మనిషి ఉండటం చూశాడు, తన ఆసుపత్రిలోనూ ఉండాలనుకున్నాడు. రంగయ్య దృష్టిలో లూదియా ఉచిత వైద్యం ఎవరికి ఇవ్వాలో విచారించి చెప్పే మనిషి, కాబట్టి తనకు సహాయ గుమాస్తా. గురుస్వామి దృష్టిలో ఉత్త మాటల మనిషి. "బిళ్ల ఇచ్చేది ల్యాదు, సూది వేసేది ల్యాదు, కట్టు కట్టేది ల్యాదు. మంచం పక్కన కూసోని మీ అత్త మంచిదేనా, మీ ఆయన తాగుతాడా అని అడగతాది. దీనికి మద్రాసు పోవల్లనా? మా వీధిలో పదిమంది ఉండారు ఈ ఉద్యోగానికి" అనేవాడు.

హన్నమ్మ పైకి నవ్వేది. లోపల నవ్వొచ్చేది కాదు. ఎందుకంటే మంచం పక్కన నిలబడి ఆ మాటలన్నీ అడిగింది ఇన్నేళ్లూ తనే. ఎవరి మొగుడు తాగుతాడో, ఎవరి బిడ్డ పాలకు ఏడుస్తున్నదో, ఎవరు తిండిలేక జబ్బుపడ్డారో ఆమెకు తెలుసు. కట్టు విప్పుతూ అడిగింది, మలం ఎత్తిపోస్తూ విన్నది. దానికొక పేరుందని, కుర్చీ ఉందని, మద్రాసులో చదువుందని ఆమెకెవరూ చెప్పలేదు.

హన్నమ్మ శిరివెళ్ల పక్కన, ఊరికి వెలుపల అంటరానివాళ్లుండే పల్లెలో పుట్టింది. తల్లీదండ్రీ కాపుల చేలల్లో కూలి చేశారు. మిషను బడిలో చదివి, కర్నూలులో నర్సు పని నేర్చుకొని, తెల్లచీర కట్టిన రోజున ఆమె బతుకు మారింది. పెళ్లి సంబంధాలు వచ్చాయి, పోయాయి. ఆమె పట్టించుకోలేదు. తెల్లచీర కట్టుకున్నప్పుడు ఆమెను నీది ఏ పల్లె అని ఎవరూ అడగరు. కాపులమ్మలు, కోమట్లమ్మలు, బాపనమ్మలు నొప్పి వచ్చినప్పుడు ఆమె చెయ్యే పట్టుకుంటారు. వార్డులో ఆ చేతికి కులం లేదు. ఆ చెయ్యి ఒక్కటే హన్నమ్మ సంపాదన.

ఇప్పుడు ఆ చేతిని వదిలి లూదియా కొంగు పట్టుకుంటున్నారు. కడుపుమంట అంటే అదీ.

"అక్కా, ఏడో నంబరు మంచం ఆమె రాత్రి ఏడ్చిందంట గదా, ఏమైనా చెప్పిందా?" అని లూదియా అడిగితే హన్నమ్మ ఉష్ణమాపకాన్ని విదిలిస్తూ, "నాకేం తెలుసు? జ్వరం ఎంతుందో చెప్పమంటే చెప్తా. ఏడుపు నీ డిపార్టుమెంటు గదా" అనేది.

లూదియా నొచ్చుకునేదో లేదో ముఖంలో కనిపించేది కాదు. కాగితాలు చించి చీటీలు చేసుకొని ఒక్కో రోగి గురించి నాలుగైదు ముక్కలు రాసి, కేసు కాగితాల వెనక గుండుసూదితో గుచ్చేది. ఆ చీటీలు డాక్టరు ఎప్పుడైనా చదివేవాడు. మిగతావాళ్లెవరూ చదివేవాళ్లు కాదు. కేసు కాగితం లావెక్కిపోతున్నదని హన్నమ్మ వాటిని ఊడబీకి గురుస్వామికి ఇచ్చేది. గురుస్వామి వాటిలో పొడిమందులు పొట్లం కట్టేవాడు. "ఆ యమ్మ రాతల్లో మందుండేది నేను చుట్టినప్పుడే చెల్లీ" అని అతని హాస్యం. హన్నమ్మకు అది చాలా రోజులపాటు నవ్వు తెప్పించింది.

ఏడో నంబరు మంచం లింగమ్మది. ఆళ్లగడ్డ కాపుల వీధి కోడలు. ఇరవై రెండేళ్లు. మూడేళ్ల కూతురు. ఉగాది తర్వాత దగ్గుతో, నెత్తుటి మరకల గుడ్డతో వచ్చింది. క్షయ. భర్త పుల్లయ్య మంచివాడే గాని తల్లి మాట దాటలేడు. లింగమ్మకు సూది అంటే హడలు. హన్నమ్మ తప్ప ఎవరు వేసినా చెయ్యి ఇచ్చేది కాదు. "నర్సక్కా, నువ్వు వేస్తే చీమ కుట్టినట్ల కూడా ల్యాదు" అనేది. మూడు నెలల్లో ఒళ్లు పట్టింది, జ్వరం పోయింది. అది తన చేతి చలవని హన్నమ్మ మురిసింది.

ఆ లింగమ్మ ఒక మధ్యాహ్నం, హన్నమ్మ సూది మందు కలుపుతుండగానే తల పక్కకు తిప్పి, "లూదియమ్మను పిలువక్కా, ఒక మాట చెప్పల్ల" అన్నది.

"నాకు చెప్పు."

"నీకు పని ఉండాది గదక్కా. ఆ యమ్మకైతే..."

హన్నమ్మ ఆ రోజు సూదిని కాస్త గట్టిగానే దింపింది. లింగమ్మ మొదటిసారి "అబ్బా" అన్నది. అట్లా చేసినందుకు హన్నమ్మ తర్వాత బాధపడింది, కాని ఆ క్షణంలో బాధపడలేదు.

ఆషాఢంలో ఒక శుక్రవారం డాక్టరు ఏదో మీటింగని కర్నూలు వెళ్లాడు. ఆ సాయంత్రం డ్యూటీ దిగబోతూ హన్నమ్మ ఏడో నంబరు కేసు కాగితం తిప్పింది. వెనక కొత్త చీటీ, ఈసారి రెండు వైపులా రాసి ఉంది. మొదటి వరుసలో లింగమ్మ పేరు కనపడగానే ఆమెకు చిర్రెత్తింది. గుండుసూది లాగి, చీటీని మిగతావాటితో కలిపి మందుల కిటికీలో పెట్టింది. "ఇదో, మీకు పొట్లాలకు" అన్నది.

శనివారం తెల్లారి ఆమె వచ్చేసరికి ఏడో నంబరు మంచం ఖాళీ.

"పుల్లయ్య వచ్చి పిల్చుకపోయినాడమ్మా" అన్నది పెద్దమ్మ, చీపురు ఆపి. "మా పాప అంతా చీటీలో రాసి పెట్టినానని చెప్పిందే. సూడలేదా మీరు?"

హన్నమ్మ చేతిసంచి అక్కడే పెట్టేసింది. మందుల కిటికీ దగ్గరికి వెళ్లింది. నిన్నటి చీటీలన్నీ పొట్లాలై పేషంట్లతో ఊళ్లకు వెళ్లిపోయాయి. రాసిన మనిషిని అడుగుదామంటే లూదియా బండి ఆత్మకూరనే ఊరి వైపు పల్లెల్లో తిరగడానికి పోయింది, బుధవారం గాని రాదు.

'ఏముంటుందిలే అందులో,' అనుకుంది హన్నమ్మ. 'మీ అత్త మంచిదేనా అని ఉంటుంది.'

సోమవారం రౌండ్లలో డాక్టరు ఖాళీ మంచం ముందు ఆగాడు. "ఈమె ఏది? కోర్సు సగం కూడా కాలేదు! ఎవరు పంపారు?"

"చెప్పాపెట్టకుండా పోయింది సార్" అన్నది హన్నమ్మ.

"సరే, లూదియా రానీ. ఆమె పోయి తీసుకొస్తుంది."

ఆ ఒక్క మాటతో హన్నమ్మ లోపల ఏదో తెగింది. లూదియా తీసుకొస్తుంది! పదహారేళ్లుగా పనిచేస్తున్న మనిషి ఎదురుగా నిలబడి ఉండగా!

"అంతదాకా ఎందుకు సార్? రేపు నాకు సెలవే. నేను పోయి పిల్చుకొస్తా."

మంగళవారం పొద్దున హన్నమ్మ గంజిపెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టింది. హెడ్ నర్సు పట్టీ భుజానికి గుచ్చుకుంది. సెలవు రోజున యూనిఫారం ఎందుకని పెద్దమ్మ అడిగితే జవాబు చెప్పలేదు. జవాబు ఇద్దరికీ తెలుసు. పువ్వుల చీర కట్టుకొని ఆళ్లగడ్డ కాపుల వీధిలోకి పోతే వీధి మొదట్లోనే నిలబెడతారు. తెల్లచీరను నిలబెట్టరు.

నిలబెట్టలేదు. బస్సు దిగి పుల్లయ్య ఇల్లు అడిగితే ఇద్దరు మగవాళ్లు లేచి మరీ దారి చూపించారు. లింగమ్మ అత్త నరసమ్మ అరుగు మీద కొర్రల్లో రాళ్లు ఏరుతున్నది. చేట పక్కన పెట్టి లేచింది.

"ఎవురమ్మా మీరు? నంద్యాల డాక్టరమ్మనా? రాండి, అరుగు మీద కూసోండి. ఎండన పడి వచ్చినారు." ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చి చేతికే ఇచ్చింది.

హన్నమ్మ ఆ చెంబును పట్టుకున్న తీరు చూడవలసింది. తన తల్లి ఇట్లాంటి అరుగుల ముందు వంగి దోసిలి పట్టి నీళ్లు తాగింది. హన్నమ్మ కూర్చొని, చెంబుతో, నిదానంగా తాగింది.

"లింగమ్మ యాడుంది?"

"లోపలుండాది. మొక్కులో ఉండాదమ్మా. అహోబిలం సామికి తొంభై దినాలు మొక్కుకుండాది, నెమ్ము పోవల్లని. వేరే చాప, వేరే కంచం. కన్నబిడ్డను కూడా తాకదు, ఎంత నిష్ఠ అనుకుంటిరి!" నరసమ్మ గొంతులో గొప్ప ఉంది. ఎదురింటి ఆడవాళ్లు ఇద్దరు వాకిట్లోకి వచ్చి వింటున్నారు.

హన్నమ్మకు నవ్వొచ్చింది. మూడు నెలలు తన చేతి మందు తిని, పేరు నరసింహస్వామికి!

"మొక్కులతో పోయే రోగమా అది? నెమ్మని ఎవురు చెప్పినారు మీకు?"

"నెమ్ము కాదా? మరేందీ?"

హన్నమ్మకు వార్డులో ఈ చివర నిలబడి ఆ చివరి మంచానికి వినిపించేట్టు మాట్లాడటం అలవాటు. ఆ గొంతుతోనే చెప్పింది. "క్షయ. ఊపిరితిత్తులకు పట్టింది. ఇంకా ఆర్నెల్లు సూదులు పడాల. ఇట్ల పారిపోయి వచ్చి మొక్కులంటే పాణం మీదికొస్తది. పిలువు ఆమెను."

 ఎదురింటి ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని లోపలికి పోయి తలుపేసింది. నరసమ్మ కాలు తగిలి చేటలో కొర్రలు అరుగంతా చిందాయి.

అప్పుడు గడపలో లింగమ్మ కనిపించింది. ఆమెకు రెండు బారల దూరంలో పాప కూర్చొని ఏదో ఆడుకుంటున్నది. నరసమ్మ ఉరికి పాపను ఎత్తుకొని అరుగు మీదికి వచ్చేసింది. "నా కొంపలో క్షయ పెట్టినారా! నెమ్మని నాకు అబద్ధం చెప్పినారా! వో పుల్లిగా! బేగ రారా! ఈ పొద్దే దీన్ని బయట పెట్టు!"

లింగమ్మ అరవలేదు, ఏడవలేదు. హన్నమ్మ వైపే చూసింది. ఎవరో ఏమీకాని మనిషిని చూసినట్టు చూసింది.

హన్నమ్మ లేచి నిలబడింది. "నేను... వేరేగా ఉంచితే బిడ్డకేం భయం లేదమ్మా, సూదులు పడితే అంటుకోదు..."

నరసమ్మ ఇప్పుడు ఆమెను కిందినుంచి పైకి చూసింది, చీరను కాదు, మనిషిని. "నువ్వు డాక్టరమ్మవి కాదే. నీదే ఊరు?"

"శిరివెళ్ల."

"శిరివెళ్లలో యాడ? ఊర్లోనా, పల్లెలోనా?"

హన్నమ్మ అబద్ధం చెప్పలేదు. నరసమ్మ ఇత్తడి చెంబును కాలితో అరుగు మీద నుంచి తోసింది. అది మెట్ల మీద మోగుకుంటూ వీధిలో పడింది.

బుధవారం పొద్దున డాక్టరు అడిగితే లింగమ్మ రాలేదని మాత్రం చెప్పింది హన్నమ్మ. మధ్యాహ్నం లూదియా తిరిగొచ్చింది. దుమ్ము కాళ్లతో వరండా ఎక్కుతుండగానే డాక్టరు అందుకున్నాడు.

"రోగులను ఇంటికి పంపే అధికారం నీకెవరిచ్చారు? పుల్లయ్యకు నువ్వే కబురు పెట్టావట, పెద్దమ్మ చెప్పింది. ఇదేనా నేను నిన్ను చదివించింది?"

"చీటీ రాసినా సార్. మీరు ఊర్లో లేరని అంతా రాసి పెట్టినా."

"ఏ చీటీ? ఎక్కడుంది?"

రంగయ్య కేసు కాగితం తెచ్చి తిరగేసి చూపించాడు. వెనక ఏమీ లేదు. మందుల కిటికీలో గురుస్వామి తల కిందికి వంచి, లెక్కపెట్టిన బిళ్లలనే మళ్లీ లెక్కపెడుతున్నాడు. డాక్టరు తిడుతూనే ఉన్నాడు. చందాదారులు ఈ ఉద్యోగం ఎందుకని అడుగుతున్నారని, తాను అడ్డుపడుతూ వస్తున్నానని, ఇక తనవల్ల కాదని.

ఆ తిట్లు హన్నమ్మ చెవికి తియ్యగా ఉన్నాయి. ఒక నిమిషం, నిజంగా తియ్యగా ఉన్నాయి. గమ్మున నిలబడితే చాలు. కుర్చీ పోతుంది, బల్ల పోతుంది, ఆ పిల్ల పోతుంది.

లూదియా కళ్లు తుడుచుకోలేదు. "సరే సార్. రేపు గురువారం. పుల్లయ్య ఆమెను తీసుకొని వస్తాడు. లింగమ్మ మాటిచ్చింది. ఆమె వచ్చినాక నన్ను పంపించండి."

"రాదు సార్" అన్నది హన్నమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు. హన్నమ్మ చెప్పింది, అరుగూ, గొంతూ, వీధీ, పాపా. చెంబు సంగతి ఒక్కటి చెప్పలేదు. చీటీని తనే ఊడబీకి పొట్లాలకు ఇచ్చానని కూడా చెప్పింది.

లూదియా ఆమె దగ్గరికొచ్చింది. "చదవలేదా అక్కా?"

"చదవలేదు."

"ఎందుకు?"

"నువ్వు రాసినావని."

 లూదియా తన కుర్చీలో కూర్చొని, మాటలు కూడదీసుకొని, ఆ చీటీలో ఏముందో చెప్పింది. మూడు నెలలు కోడలు ఇంట్లో లేకపోయేసరికి నరసమ్మ కొడుక్కు రెండో పెళ్లి చేయాలని ప్యాపిలిలో పిల్లను చూసి వచ్చింది. ఒక భార్య ఉండగా రెండో పెళ్లి కూడదని చట్టం వచ్చి మూడేళ్లయింది, ఆళ్లగడ్డలో ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. లింగమ్మ అయిదు రోజులు ఇంటికి పోయి కనపడి రావాలి. జబ్బు పేరు ఇంట్లో చెబితే బయట పెడతారు, చెప్పకపోతే బిడ్డకు అంటుకుంటుంది. అందుకని మొక్కు. మొక్కులో ఉన్న ఆడదాన్ని ఎవరూ తాకరు, ఆమె చాప మీద ఎవరూ పడుకోరు, ఎందుకని అడగరు. గురువారం తిరిగి రావాలి. ఆసుపత్రి మనుషులెవరూ ఆ ఇంటికి పోకూడదు.

"ఏసుప్రభువును నమ్మేదానివి, నరసింహస్వామి మొక్కు చెప్పినావా?" అన్నాడు గురుస్వామి కిటికీలోంచి, తేలిక చేద్దామని.

"నా నమ్మకంతో వాళ్ల ఇంట్లో ఏం పని మామా?" అన్నది లూదియా. తర్వాత హన్నమ్మ వైపు చూడకుండానే, "నీతో మాట్లాడేది తర్వాత. ముందు సూది మందు సంచిలో పెట్టుకో. బస్సు ఎన్నింటికి?"

లింగమ్మను ఊరి బయట, చేని కొట్టంలో ఉంచారు. ఎద్దులను తోలేసి, అవి మేత మేసే గాటి దగ్గర మంచం వేశారు. పుల్లయ్య బయట కూర్చొని ఉన్నాడు. పాత చీరతో వచ్చిన హన్నమ్మను చూసి లింగమ్మ ముఖం గోడకు తిప్పుకుంది.

లూదియా నేల మీద కూర్చుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అట్లా ఏమీ మాట్లాడకుండా కూర్చోవడం కూడా ఒక పని అని హన్నమ్మకు అప్పటిదాకా తెలియదు. తనయితే ఈపాటికి జ్వరం చూసేది, దుప్పటి సర్దేది.

చివరికి లింగమ్మే అన్నది: "ఆసుపత్రికి రాను లూదియమ్మా. ఈడుంటే రోజూ సాయంత్రం పాపను గట్టు మీదికి తెచ్చి చూపిస్తానన్నాడు ఆయన. నంద్యాలకు వస్తే అదీ ల్యాదు. నేను పోయిన మర్నాడే ప్యాపిలి పిల్లను తెస్తారు."

"రావద్దు" అన్నది లూదియా. "సూదే ఈడికి వస్తది. వేయించుకుంటావా?"

"ఎవురు వేస్తారు?"

లూదియా జవాబు చెప్పలేదు. లింగమ్మ ఇటు తిరిగి హన్నమ్మను చూసింది. చెయ్యి ముందుకు పెట్టింది. అంతే. నర్సక్కా అనలేదు.

ఆ తర్వాత ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం హన్నమ్మ ఆళ్లగడ్డ బస్సు ఎక్కింది. డాక్టరు ఆమెకు మెమో రాయలేదు. వారానికి ఆ రెండు రోజులు వార్డు నుంచి వదిలాడు, అదే శిక్ష అనుకున్నాడు. వానల్లో నల్లరేగడి మోకాళ్ల దాకా పట్టుకునేది. కొట్టంలో పొయ్యి వెలిగించి, సిరంజి ఉడకబెట్టి, సూది వేసి, బిళ్లలు ఇచ్చి వచ్చేది. లింగమ్మ చెయ్యి ఇచ్చేది, మాట ఇచ్చేది కాదు. ఇచ్చిన ఒకే మాట: "లూదియమ్మ రాలేదా?"

"రాలేదు. పనుంది ఆమెకు."

ఆ ప్రశ్న వారానికి రెండుసార్లు, నెలల తరబడి విన్నది హన్నమ్మ. ప్రతిసారీ మండింది. బురదలో వచ్చేది తను, అడిగేది ఆ పిల్లను. తప్పు తనదని తెలిసినంత మాత్రాన మంట ఆరలేదు. సూదిని మాత్రం ఇంకెప్పుడూ గట్టిగా దించలేదు.

సంక్రాంతి పోయి శివరాత్రి వచ్చేసరికి లింగమ్మ కఫం పరీక్షిస్తే మూడుసార్లూ శుభ్రంగా తేలింది. క్షయ ఇల్లని తెలిసి ప్యాపిలి వాళ్లు అప్పటికే సంబంధం వద్దన్నారు. డాక్టరు కాగితం మీద రాసి ముద్ర వేసి ఇచ్చాడు. నరసమ్మ ఆ కాగితం వైపు చూడలేదు. "నోటితో చెప్తే నమ్మినా, మోసపోయినా. ఇంగ రాతల్ని నమ్ముతానా? దాని చేతి కూడు తిని చూపించమను ఎవుర్నైనా, మేము తింటాం."

హన్నమ్మ అప్పటికప్పుడు వీధిలో నిలబడి, లింగమ్మ కాల్చిన జొన్నరొట్టె లింగమ్మ కంచంలోంచే తుంచుకొని తిన్నది. నరసమ్మ చూసి పెదవి విరిచింది. "మీరు తినేది ఒక లెక్కనా మే? పల్లెలోళ్లు ఏం పెట్టినా తింటారు."

హన్నమ్మ ఆ రొట్టె మొత్తం తిని బస్సెక్కింది. నంద్యాల వచ్చి లూదియాకు చెప్పింది. లూదియా తల ఊపింది. "నువ్వు తింటావని తెలుసు అక్కా, చాలదనీ తెలుసు. సారు పోవాల. ఆయనది పెద్ద కులం. ఆయన నోరు లెక్కకొస్తది. నేను అడిగితే నా పని నేనే చేసుకోమంటాడు. నువ్వు అడుగు."

లింగమ్మ చేతి మజ్జిగైనా తాగి రమ్మని హన్నమ్మ రౌండ్లలో, అందరి ముందు అడిగింది. డాక్టరు చిరాకుపడ్డాడు. "సర్టిఫికెట్ ఇచ్చాను కదా. ఇంటింటికీ పోయి మజ్జిగ తాగడం డాక్టరు పనా?"

"నేను తిన్నా సార్, లెక్కకు రాలేదు. ఎందుకు రాలేదో మీకు నేను చెప్పాల్నా?" అన్నది హన్నమ్మ. ఇన్నేళ్లలో ఆమె ఆయనకు ఎదురు చెప్పిన మాట అదొక్కటే. "ఆ పిల్ల ఊపిరితిత్తులు బాగుచేసినాం. ఇంటికి పోలేకపోతే ఏం బాగుచేసినట్ల సార్?"

డాక్టరు ఆదివారం వచ్చాడు. అరుగు మీద కుర్చీ వేశారు. లింగమ్మ తన చేత్తో మజ్జిగ కలిపి తెచ్చింది. వీధి వీధంతా చూస్తుండగా ఆయన ఒక్క గుక్కలో తాగి, మూతి తుడుచుకొని, "ఇంకొంచెం పొయ్యి తల్లీ" అన్నాడు. నరసమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎదురింటి తలుపు తెరుచుకుంది. పాప మొదట నాన్న వెనక దాక్కుంది, తర్వాత తల్లి కొంగు వాసన చూసింది, తర్వాత చంకనెక్కింది. లింగమ్మ ఇంకెవరి వైపూ చూడలేదు. హన్నమ్మ వైపూ చూడలేదు, లూదియా వైపూ చూడలేదు. ఎందుకు చూస్తుంది?

"దేవుడయ్యా డాక్టరు! పోయే పాణాన్ని నిలబెట్టినాడు" అని వీధిలో ఎవరో అన్నారు. అందరూ అదే అన్నారు. ఆయనకు పూలదండ కూడా ఎక్కడి నుంచో వచ్చింది.

హన్నమ్మా, లూదియా వీధిలో, ఎండలో, అరుగుకు పది అడుగుల ఇవతల నిలబడి ఉన్నారు. వాళ్లను రమ్మని ఎవరూ అనలేదు.

తిరుగు బస్సులో డాక్టరు ముందు సీట్లో, దండ ఒళ్లో పెట్టుకొని కునుకు తీస్తున్నాడు. వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్లు. బస్సు శిరివెళ్ల దాటింది.

"ఒక చెంబు మజ్జిగ" అన్నది హన్నమ్మ ఉన్నట్టుండి. "ఒకే ఒక చెంబు తాగినాడు. దానికి దేవుడంట!"

"మెల్లగా అక్కా. సారుకు వినపడతాది."

"వినపడనీ. ఎన్ని తూర్లు వచ్చినానే నేను ఆ బురదలో? నువ్వెన్ని తూర్లు వచ్చినావు?"

లూదియా కిటికీలోంచి చూస్తూ పళ్లు బిగబట్టింది. నవ్వు ఆపుకుంటున్నదో, ఏడుపు ఆపుకుంటున్నదో హన్నమ్మకు తెలియలేదు. "దండ కూడా వేసినారు సూడు" అన్నది లూదియా చివరికి. "బంతిపూల దండ. మన ఇద్దరికీ కలిపి ఒక్క పువ్వు కూడా రాల్లేదు."

"అదే నేను చెప్పేది!" అన్నది హన్నమ్మ, సీటులో ఆమె వైపు జరుగుతూ.